ఇనుప అన్నం గిన్నె: చైనావాళ్లు ఈ మాట ఎందుకు అంటారు? ఎలా వాడతారు?

చైనా గురించి చదివేవాళ్లకు 'ఇనుప అన్నం గిన్నె' అనే మాట ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. ఆ గిన్నెను పగలగొట్టాకే దేశం బాగుపడిందని ఒకరు రాస్తారు. ఇప్పటి పిల్లలు మళ్లీ ఆ గిన్నె కోసమే లక్షల్లో పరీక్షలు రాస్తున్నారని ఇంకొకరు రాస్తారు. పగలగొట్టినదాన్నే మళ్లీ వెతుక్కోవడం ఏమిటన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. నిఘంటువు తిరగేస్తే 'స్థిరమైన ఉద్యోగం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది గానీ ఆ అనుమానం తీరదు. ఆ మాటను ఎవరు అన్నారు, ఏ కాలంలో అన్నారు, ఎవరి గురించి అన్నారు అన్నవి తెలిస్తేనే అర్థం పూర్తిగా అందుతుంది. అందుకని ఒక్కొక్క ప్రశ్నే వేసుకుంటూ వెళ్దాం.

అసలు మాట ఏమిటి? ఏ జాతి మాట?

చైనీస్‌లో దీన్ని 'థియె ఫాన్ వాన్' అంటారు. 'థియె' ఇనుము, 'ఫాన్' వండిన అన్నం, 'వాన్' గిన్నె. ఎప్పటికీ ఊడని కొలువు, నెల తిరగగానే చేతికందే జీతం, ముసలితనంలో పింఛను, ఈ మూడూ కలిసిన బతుకుకు అది పేరు.

చైనీస్ నుడికారాల్లో రెండు పెద్ద జాతులున్నాయి. మొదటిది 'ఛెంగ్‌యు'. ఇవి ఎక్కువగా నాలుగు అక్షరాల మాటలు. ప్రాచీన గ్రంథాల నుంచి, చరిత్ర కథల నుంచి వచ్చాయి. చదువుకున్నవాళ్ల రాతలో, ఉపన్యాసాల్లో ఎక్కువగా వినిపిస్తాయి. రెండోది 'గ్వాన్‌యోంగ్‌యు'. ఇవి ఎక్కువగా మూడు అక్షరాలవి. వంటింట్లో, బజారులో, కార్ఖానాల్లో జనం నోట పుట్టి పెరిగినవి. ఇనుప గిన్నె ఈ రెండో జాతిది. అందుకే దీని వెనుక రాజు కథ గానీ, తత్త్వవేత్త నీతి గానీ లేవు. ఉన్నదల్లా 20వ శతాబ్దపు చైనా నగరాల్లో జీతాల మీద బతికిన మనుషుల అనుభవమే.

ఉద్యోగాన్ని గిన్నెతో ఎందుకు పోల్చారు?

'ఫాన్' అంటే వండిన అన్నమే కాదు, భోజనం కూడా. మనం 'అన్నం తిన్నావా?' అని అడిగేటప్పుడు ఎదుటివాళ్లు చపాతీ తిన్నా పట్టించుకోం కదా, అక్కడా అంతే. గోధుమ నూడుల్స్, ఆవిరి రొట్టెలు ఎక్కువగా తినే ఉత్తర చైనాలో కూడా భోజనం చేయడాన్ని 'ఫాన్ తినడం' అనే అంటారు. ఇరుగుపొరుగు ఎదురైతే 'తిన్నారా?' అని పలకరించుకోవడం పాత తరంలో మామూలు మర్యాద.

చైనా భోజనంలో కూరలు మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకుంటారు. అన్నం గిన్నె మాత్రం ఎవరిది వాళ్లకే. దాన్ని చేత్తో పైకెత్తి, నోటి దగ్గరికి తెచ్చుకుని, చాప్‌స్టిక్స్‌తో తింటారు. అందుకే 'ఫాన్ వాన్' అంటే ఒక మనిషి బతుకుతెరువు అనే అర్థం అంత సహజంగా కుదిరింది. కొలువు పోతే 'గిన్నె పోగొట్టుకున్నాడు' అంటారు. ఒకరి ఉపాధి చెడగొడితే 'గిన్నె పగలగొట్టాడు' అంటారు. యంత్రాలొచ్చి పనులు తన్నుకుపోతే 'మన గిన్నె లాక్కుంటున్నాయి' అంటారు. తెలుగులో ఈ బాధంతా పొట్ట మీదుగా పలుకుతుంది. 'నా పొట్ట కొట్టకు' అంటాం. చైనావాళ్లు పొట్టకు బదులు చేతిలోని గిన్నెను చూపిస్తారు.

అన్నం చుట్టూ ఇంకా చాలా మాటలు అల్లుకున్నాయి. ప్రభుత్వ జీతం మీద బతికేవాళ్లు 'రాజుగారి ధాన్యం తింటున్నారు'. భార్య సంపాదన మీద ఆధారపడిన మగవాణ్ని 'మెత్తటి అన్నం తినేవాడు' అని ఎత్తిపొడుస్తారు. మోడలింగ్ లాంటి, వయసుండగానే సాగే పనులు చేసేవాళ్లు 'యవ్వనపు అన్నం' తింటారు. ఉద్యోగంలోంచి తీసేయడాన్ని 'స్క్విడ్ వేయించడం' అంటారు. ఈ మాట కాంటనీస్ మాట్లాడే దక్షిణాది నుంచి వచ్చింది. వెనకటి రోజుల్లో పనివాళ్లు యజమాని దగ్గరే ఉండి, అక్కడే పడుకునేవాళ్లు. పని పోయినవాడు పక్క చుట్టుకుని వెళ్లిపోవాలి. వేడి పెనం మీద పడ్డ స్క్విడ్ ముక్క కూడా అలాగే చాపలా చుట్టుకుపోతుంది.

ఈ గిన్నె ఇళ్లలోంచి దేశ విధానంలోకీ వెళ్లింది. 2013 చివర్లో గ్రామీణ విధానం మీద జరిగిన కేంద్ర సమావేశంలో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ ఆహార భద్రత గురించి మాట్లాడుతూ, చైనా ప్రజల అన్నం గిన్నె ఎప్పుడూ చైనా చేతుల్లోనే గట్టిగా ఉండాలన్నారు. అప్పట్నుంచి వ్యవసాయ విధానం మీద వచ్చే ప్రసంగాల్లో ఆ మాట మళ్లీ మళ్లీ వినిపిస్తోంది.

ఇనుమే ఎందుకు?

ఇళ్లలో వాడేవి పింగాణీ గిన్నెలు, మట్టి గిన్నెలు. చెయ్యి జారితే పగిలిపోతాయి. ఇనుప గిన్నెలో ఎవరూ అన్నం తినరు. కానీ ఇనుప గిన్నె ఉంటే, ఎన్నిసార్లు కింద పడ్డా పగలదు. మాటలోని బలమంతా ఆ పగలకపోవడంలోనే ఉంది.

బతుకుతెరువును ఇనుముతో ముడిపెట్టడం కూడా కొత్తది కాదు. 1644 నుంచి 1912 వరకు సాగిన ఛింగ్ రాజవంశ పాలనలో 'ఎనిమిది జెండాల' సైనిక కుటుంబాలుండేవి. మంచూలు, వాళ్లతో చేరిన మంగోలులు, హాన్‌లు ఆ కుటుంబాలవాళ్లు. వాళ్లకు ప్రభుత్వం నుంచి వెండి, ధాన్యం క్రమం తప్పకుండా అందేవి. ఆ ఆదాయాన్ని జనం 'ఇనుప కాడల పంట' అనేవాళ్లు. వాన రాకపోయినా, వరద వచ్చినా ఎండని పంట అన్నమాట. రాజవంశం కూలాక ఆ పంట ఎండిపోయింది. వేరే పని నేర్చుకోని కుటుంబాలెన్నో బీజింగ్ వీధుల్లో పేదరికంలోకి జారిపోయాయి. స్వయంగా మంచూ కుటుంబంలో 1899లో పుట్టిన రచయిత లావో షె 'టీహౌస్' నాటకంలో ఆ మనుషుల్ని చూపించాడు. ఇనుము అనుకున్నది కూడా రాజ్యంతోపాటే కూలుతుందని చైనాకు ఒకసారి అప్పుడే తెలిసింది.

ఈ గిన్నె నిజంగా ఎప్పుడు చేతికొచ్చింది?

1949లో చైనా జనతా రిపబ్లిక్ ఏర్పడింది. 1950ల్లో పరిశ్రమలు ప్రభుత్వం చేతికి వచ్చాయి. నగరాల్లో చదువు ముగించినవాళ్లకు పని ఎక్కడో ప్రభుత్వమే నిర్ణయించేది. ఒకసారి 'స్థిర కార్మికుడు'గా చేరితే తీసేయడమన్నది దాదాపు ఉండేది కాదు. మనిషి పనిచేసే సంస్థను 'డాన్‌వెయ్' అనేవాళ్లు. అది కార్ఖానా కావచ్చు, బడి కావచ్చు, ఆసుపత్రి కావచ్చు.

డాన్‌వెయ్ ఇచ్చేది జీతం ఒక్కటే కాదు. ఉండటానికి నామమాత్రపు అద్దెకు ఇల్లు, తినడానికి క్యాంటీన్, జబ్బు చేస్తే వైద్యం, పిల్లలకు శిశువిహారం, బడి, రిటైరయ్యాక పింఛను, అన్నీ దాని ద్వారానే వచ్చేవి. పెద్ద ఉక్కు కర్మాగారాలకు సొంత ఆసుపత్రులు, సినిమాహాళ్లు, స్నానశాలలు ఉండేవి. తండ్రి గానీ తల్లి గానీ రిటైరైతే ఆ స్థానంలో బిడ్డ చేరే పద్ధతి కూడా చాలాకాలం నడిచింది. పెళ్లి చేసుకోవాలంటే డాన్‌వెయ్ నుంచి ధ్రువపత్రం తేవాలి. ఆ నిబంధన 2003 అక్టోబరులో కొత్త వివాహ నమోదు నియమాలు వచ్చాకే పోయింది. గిన్నెతోపాటు దాన్ని ఇచ్చిన చెయ్యి కూడా మనిషి బతుకులోకి ఎంత లోతుగా వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయినా ఆ తరం కార్మికులకు అది గర్వకారణం. యుద్ధాలు, కరవులు, ధరల మంటలు చూసి వచ్చినవాళ్లు వాళ్లు. రేపటి తిండి గురించి భయం లేకుండా నిద్రపోవడం వాళ్ల తల్లిదండ్రులు ఎరగని సుఖం. జీతం తక్కువే అయినా ఆ భద్రతకు వాళ్లిచ్చిన విలువను మనం చులకన చేయకూడదు.

అది అందరికీ అందిందా?

అందలేదు. ఈ సంగతి చెప్పకుండా ఇనుప గిన్నె గురించి మాట్లాడితే సగమే చెప్పినట్టు. 1958 జనవరిలో వచ్చిన 'హుకౌ' నమోదు నియమాలు పల్లె జనాన్ని పల్లెకు, పట్నం జనాన్ని పట్నానికి కట్టేశాయి. రైతు కొడుకు పట్నం వెళ్లి కార్ఖానాలో స్థిర కార్మికుడు కావడం బహు కష్టం. 1978 నాటికి కూడా చైనా జనాభాలో నగరాల్లో ఉన్నది 18 శాతమే. ఆ ఏడాది ప్రభుత్వ సంస్థల్లో పనిచేసినవాళ్లు సుమారు 7 కోట్ల 45 లక్షల మంది. పల్లెల్లో ఉన్న 79 కోట్ల మందికి పింఛనూ లేదు, జీతమూ లేదు. పంటలో వాటానే వాళ్ల ఆధారం. పట్నాల్లోనూ చిన్న సమష్టి సంస్థల్లో పనిచేసేవాళ్లకు, తాత్కాలిక కూలీలకు సదుపాయాలు తక్కువగానే ఉండేవి. అంటే ఇనుప గిన్నె దేశానికంతటికీ ప్రతీకగా నిలిచినా, దాన్ని పట్టుకున్నది కొద్దిమందే.

మరి దాన్ని పగలగొట్టాలని ఎందుకనుకున్నారు?

1978 డిసెంబరులో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాక, అదే మాట ఎత్తిపొడుపుగా మారింది. ఇక్కడ ఇనుప గిన్నెకు జంటమాట ఒకటి తెలుసుకోవాలి. అది 'దా గ్వో ఫాన్', అంటే పెద్ద కుండలో వండిన అన్నం. ఎక్కువ పనిచేసినా, తక్కువ పనిచేసినా అందరూ ఒకే కుండలోంచి తింటారని దాని భావం. గిన్నె ఉద్యోగ భద్రతకు గుర్తు, కుండ సమాన జీతానికి గుర్తు. రెండూ కలిస్తే కష్టపడేవాడికి ఉత్సాహం ఉండదని, సోమరికి భయం ఉండదని సంస్కరణవాదుల వాదన.

ఆ వాదనలో నిజం ఉంది. చాలా కర్మాగారాల్లో అవసరానికి మించి మనుషులున్నారు. 1970ల చివర్లో, పల్లెలకు పంపిన చదువుకున్న యువత లక్షలాదిగా పట్నాలకు తిరిగొచ్చినప్పుడు వాళ్లకు పని చూపించే భారం కూడా ప్రభుత్వ సంస్థల మీదే పడింది. నష్టం వచ్చినా సంస్థ మూతపడదు. ఆ నష్టాన్ని చివరికి ఖజానా, బ్యాంకులు మోయాల్సివచ్చేది.

1980ల మొదట్లో జెజియాంగ్ రాష్ట్రంలోని హైయాన్ చొక్కాల కర్మాగారం డైరెక్టర్ బు షిన్‌షెంగ్ పనిని బట్టి జీతం అన్నాడు, క్రమశిక్షణ తప్పినవాళ్లను తీసేశాడు. పత్రికలు ఆయన్ని దేశానికే ఆదర్శంగా చూపించాయి. ఆ తర్వాత చట్టాలు కదిలాయి. 1986 ఆగస్టు 3న షెన్యాంగ్‌లోని పేలుడు నిరోధక పరికరాల కర్మాగారం దివాలా తీసినట్టు ప్రకటించారు. 1949 తర్వాత అలా అధికారికంగా దివాలా తీసిన మొదటి సంస్థ అదే. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ప్రభుత్వ సంస్థల్లో కొత్తగా చేరేవాళ్లకు గడువున్న ఒప్పందాలు తప్పనిసరి అయ్యాయి. పాతవాళ్ల గిన్నెలు ముట్టుకోలేదు. 1992లో 'మూడు ఇనుములు పగలగొట్టడం' అనే నినాదం వచ్చింది. ఇనుప గిన్నె అంటే ఊడని కొలువు, ఇనుప కుర్చీ అంటే దిగని పదవి, ఇనుప జీతం అంటే తగ్గని వేతనం. 1995 జనవరి 1న అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం ఒప్పంద ఉద్యోగాన్ని సాధారణ నియమం చేసింది.

పగిలినప్పుడు ఏం జరిగింది?

అసలు దెబ్బ 1990ల చివర్లో తగిలింది. 1997లో జరిగిన కమ్యూనిస్టు పార్టీ 15వ మహాసభ ప్రభుత్వ సంస్థల్లో పెద్దవాటిని పట్టుకుని చిన్నవాటిని వదిలేయాలని నిర్ణయించింది. 1998 మార్చిలో ప్రధాని అయిన ఝు రోంగ్‌జీ దాన్ని గట్టిగా అమలు చేశారు. 1998 నుంచి కొన్నేళ్లలోనే రెండున్నర కోట్లకు పైగా ప్రభుత్వ సంస్థల కార్మికులు పని పోగొట్టుకున్నారు.

అప్పుడు ఎక్కువగా వినిపించిన మాట 'షియా గాంగ్', అంటే 'స్థానం నుంచి దిగడం'. దాన్ని నిరుద్యోగం అనలేదు. మనిషి పేరు సంస్థ పుస్తకాల్లోనే ఉండేది, పని మాత్రం ఉండదు. పునరుపాధి కేంద్రాల ద్వారా మూడేళ్ల వరకు కనీస భృతి ఇచ్చేవాళ్లు. ఆ లోపల ఏదో ఒక దారి చూసుకోవాలి. 40 దాటిన ఆడవాళ్లను, 50 దాటిన మగవాళ్లను కలిపి అధికారులు '4050 మనుషులు' అనేవాళ్లు. ఆ తరం బతుకు చూడండి. 1966 నుంచి 1976 దాకా సాగిన సాంస్కృతిక విప్లవంలో బడులు మూతపడి చదువు పోయింది. వాళ్లలో చాలామంది పల్లెలకు వెళ్లి వయసు ధారపోశారు. తిరిగొచ్చి కార్ఖానాలో నిలదొక్కుకున్నాక, కొత్త పని నేర్చుకునే వయసు దాటాక, ఆ గిన్నె చేజారింది. అదే కాలంలో డాన్‌వెయ్ ఇళ్లు కేటాయించే పద్ధతి కూడా ముగిసింది.

ఈశాన్య చైనాకు తగిలిన దెబ్బ అన్నిటికంటే పెద్దది. షెన్యాంగ్ నగరంలోని థియెషి జిల్లా దేశంలోనే పేరున్న భారీ పరిశ్రమల కేంద్రం. అక్కడి కార్ఖానాలు మూతపడుతున్న రోజుల్ని దర్శకుడు వాంగ్ బింగ్ దాదాపు తొమ్మిది గంటల డాక్యుమెంటరీగా తీశాడు. 2002లో లియావోయాంగ్, డాఛింగ్ నగరాల్లో పని పోయిన కార్మికులు వేలల్లో వీధుల్లోకి వచ్చి బకాయిలు, పింఛన్లు అడిగారు. 2010లో వచ్చిన 'ఉక్కు పియానో' సినిమాలో పని పోయిన ఒక కార్మికుడు కూతురి కోసం పాత సహోద్యోగులందర్నీ కూడగట్టి, మూతపడ్డ కర్మాగారంలో ఉక్కుతో పియానో చేస్తాడు.

ఈ దశలో ఇనుప గిన్నె అన్న మాటలో గర్వమూ లేదు, ఎత్తిపొడుపూ లేదు. దుఃఖం చేరింది. పగలగొట్టాలని నినాదం ఇచ్చినవాళ్లు వేరు, పగిలిన ముక్కలు ఏరుకున్నవాళ్లు వేరు. ఈ తేడా మరచిపోయి సంస్కరణల విజయాన్ని మాత్రమే చెప్పడం న్యాయం కాదు.

ఇప్పుడు మళ్లీ ఎందుకు కోరుకుంటున్నారు?

1992లో అగ్రనేత డెంగ్ షియావోపింగ్ దక్షిణాది నగరాల్లో పర్యటించి సంస్కరణలకు ఊపు ఇచ్చాక ఉత్సాహవంతులు ప్రభుత్వ కొలువులు వదిలి వ్యాపారాల్లోకి దూకారు. దాన్ని 'షియా హాయ్' అన్నారు, అంటే 'సముద్రంలోకి దిగడం'. అప్పట్లో ఇనుప గిన్నెను వదిలినవాడు ధైర్యవంతుడు, పట్టుకుని కూర్చున్నవాడు పిరికివాడు.

ఇవాళ యువత నోట ఉన్న మాట 'షాంగ్ ఆన్', అంటే 'ఒడ్డుకు చేరడం'. పోటీ పరీక్ష నెగ్గి, ముఖ్యంగా ప్రభుత్వ కొలువు సాధించినవాణ్ని 'ఒడ్డుకు చేరాడు' అంటారు. తల్లిదండ్రుల తరం దిగిన సముద్రంలోంచే పిల్లలు ఒడ్డు వెతుక్కుంటున్నారు.

కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. 2023 జూన్‌లో 16 నుంచి 24 ఏళ్ల పట్టణ యువతలో నిరుద్యోగం 21.3 శాతానికి చేరింది. ఆ తర్వాత కొన్ని నెలలు ఆ అంకెల ప్రకటనే ఆపేసి, లెక్క పద్ధతి మార్చి మళ్లీ మొదలుపెట్టారు. ప్రైవేటు సంస్థల్లో, ముఖ్యంగా సాఫ్ట్‌వేర్‌లో, 35 ఏళ్లు దాటినవాళ్లను తీసుకోవడానికి వెనుకాడతారు. ఉన్నవాళ్లను ముందుగా తీసేస్తారన్న భయం ఉంది. రియల్ ఎస్టేట్ పడిపోయింది. ప్రైవేటు ట్యూషన్ రంగాన్ని 2021లో ప్రభుత్వమే కట్టడి చేయడంతో ఎన్నో కొలువులు పోయాయి.

అందుకే జాతీయ సివిల్ సర్వీసు పరీక్ష 'గ్వో ఖావ్'కు ఇంత పోటీ. 2024 నియామకాలకు సుమారు 39,600 ఖాళీలుంటే 30 లక్షల మందికి పైగా అర్హత పొందారు. 2025 నియామకాలకు సుమారు 39,700 ఖాళీలకు 34 లక్షల మంది దాటారు. అంటే ఒక్కో కుర్చీకి సగటున 86 మంది. ఈ పోటీలో వినిపించే ఇంకో ముఖ్యమైన మాట 'బియెన్ జి'. ప్రభుత్వ సంస్థలో మంజూరైన స్థానం అని దాని అర్థం. ఒకే బడిలో ఇద్దరు టీచర్లు పక్కపక్క గదుల్లో పాఠం చెప్పవచ్చు. ఒకరికి బియెన్ జి ఉంటుంది, ఇంకొకరిది ఒప్పందం. ఇనుప గిన్నె ఉన్నది మొదటివారికే.

ఇది మన సర్కారు కొలువు లాంటిదేనా?

ఆశలో, ఆరాటంలో పోలిక ఉంది. పెళ్లి సంబంధాల్లో దొరికే విలువలోనూ ఉంది. పునాదిలో మాత్రం తేడా ఉంది. మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగిని విచారణ లేకుండా తొలగించకుండా రాజ్యాంగం 311వ అధికరణం కాపాడుతుంది. కోర్టుకు వెళ్లే దారి ఉంటుంది. చైనాలో పాత ఇనుప గిన్నె అలాంటి హక్కు మీద కాదు, ప్రణాళికా వ్యవస్థ ఆచారం మీద నిలిచింది. విధానం మారగానే కోట్లమందికి ఒక్కసారిగా జారిపోవడానికి అదొక కారణం. ఇంకో తేడా కూడా ఉంది. మన దేశంలో ఇలాంటి భద్రత ప్రధానంగా ప్రభుత్వోద్యోగులది, ప్రభుత్వ రంగ సంస్థలవాళ్లది. అక్కడ ఒకప్పుడు నగరాల్లోని బట్టల మిల్లు కార్మికుల నుంచి హోటలు వంటవాళ్ల దాకా ఎక్కువమంది ఈ నీడలోనే ఉండేవాళ్లు.

మాటల్లో ఎలా వాడతారు?

కొన్ని సందర్భాలు చూద్దాం.

అమ్మ కూతురితో 'ఆ కంపెనీ వద్దమ్మా, టీచరు పరీక్ష రాయి, ఇనుప గిన్నె' అంటే అందులో మెప్పు, ఆరాటం ఉన్నాయి. సంబంధాలు చూసేవాళ్లు 'అబ్బాయి ఇనుప గిన్నె పట్టుకున్నాడు' అంటే అది అర్హత పత్రం. అధికారి ప్రసంగంలో 'ఇనుప గిన్నెను పగలగొట్టాలి' అంటే అది సంస్కరణ పిలుపు. పని పోయిన పెద్దాయన 'మా రోజుల్లో ఇనుప గిన్నె అనుకున్నాం' అంటే అందులో మోసపోయిన బాధ ఉంది. ఒక యువకుడు 'ఇనుప గిన్నెలో పడి తుప్పు పట్టలేను' అని రాజీనామా చేస్తే అది తిరుగుబాటు.

క్రియలు కూడా గుర్తుంచుకోవాలి. ఈ గిన్నెను 'పట్టుకుంటారు', 'పోగొట్టుకుంటారు', 'పగలగొడతారు'. చిన్న తేడాలూ ఉన్నాయి. జీతం బాగా ఎక్కువైన కొలువును 'బంగారు గిన్నె' అంటారు. ఎప్పుడు ఊడుతుందో తెలియని కొలువు 'మట్టి గిన్నె'. ప్రైవేటు కంపెనీలో ఎంత పెద్ద జీతమొచ్చినా దాన్ని ఇనుప గిన్నె అనకూడదు. ఇనుము జీతం పరిమాణాన్ని చెప్పదు, కాలాన్ని చెబుతుంది. ఈ మాట తైవాన్, హాంకాంగ్, సింగపూర్‌లలోని చైనీయుల్లోనూ ప్రభుత్వ కొలువుల గురించి వినిపిస్తుంది. కానీ వాళ్లకు డాన్‌వెయ్ చరిత్ర లేదు కాబట్టి అక్కడ ఇది మామూలు స్థిరోద్యోగమే.

ఒక జాగ్రత్త అవసరం. ప్రభుత్వ కొలువులో ఉన్నవాళ్ల ముఖం మీదే 'మీకేం, ఇనుప గిన్నె' అంటే, పని చేయకపోయినా నడిచిపోతుందన్న ధ్వని వస్తుంది. మనుషుల్ని బట్టి అది నొప్పిస్తుంది.

ఇప్పటి గిన్నె నిజంగా ఇనుమేనా?

పూర్తిగా కాదు. 2006 జనవరి 1న అమల్లోకి వచ్చిన సివిల్ సర్వెంట్ చట్టం ప్రకారం, వార్షిక మదింపులో వరసగా రెండేళ్లు అసమర్థులుగా తేలినవాళ్లను తొలగించవచ్చు. 2014 జులై నుంచి బడులు, ఆసుపత్రుల లాంటి ప్రభుత్వ సంస్థల సిబ్బంది ఒప్పంద పద్ధతిలోకి వచ్చారు. 2015లో ప్రభుత్వోద్యోగుల పింఛనును మిగతా కార్మికుల పద్ధతితో కలిపేశారు. అప్పుల్లో ఉన్న కొన్ని స్థానిక ప్రభుత్వాలు బోనస్‌లు తగ్గించాయి. మరోవైపు, 2008 జనవరి 1న అమల్లోకి వచ్చిన కార్మిక ఒప్పంద చట్టం ప్రైవేటు కార్మికులకు కొంత రక్షణ ఇచ్చింది. ఒకేచోట వరసగా పదేళ్లు పనిచేసినవారు గడువు లేని ఒప్పందం అడగవచ్చు. అప్పుడు కొందరు యజమానులు 'ఇనుప గిన్నె మళ్లీ వచ్చింది' అని గోల చేశారు. అంటే ఒకప్పుడు నిందగా మారిన మాటనే చిన్నపాటి న్యాయమైన రక్షణను ఆపడానికీ వాడుకున్నారు.

చైనాలో తరచూ వినిపించే ఒక హితవు ఉంది. ఒకేచోట జీవితాంతం తినడం కాదు, జీవితాంతం ఎక్కడికెళ్లినా తినగలగడమే నిజమైన ఇనుప గిన్నె అని. నైపుణ్యం పెంచుకొమ్మని చెప్పే ఈ మాట చెవికి బాగుంటుంది, కొంతవరకు నిజం కూడా. కానీ దాన్ని పూర్తిగా నమ్మడం కష్టం. షెన్యాంగ్ కార్మికుడికి నైపుణ్యం లేక కాదు గిన్నె పోయింది. 35 దాటిన ప్రోగ్రామర్‌కు పని రాక కాదు తలుపులు మూసుకునేది. భద్రతను మనిషి ఒక్కడి తెలివితేటల మీదే వదిలేస్తే, వయసు మళ్లినవాళ్లు, జబ్బు పడ్డవాళ్లు, పల్లెవాళ్లు మళ్లీ గిన్నె లేకుండానే మిగులుతారు.

కాబట్టి ఈ మాట ఎక్కడ కనిపించినా రెండు ప్రశ్నలు వేసుకోండి: అంటున్నది ఎవరు, ఏ కాలం గురించి? అది మెప్పా, నిందా, దుఃఖమా, ఆశా అన్నది తేలిపోతుంది. దానితోపాటు ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. ఇనుప గిన్నె కోరుకునేవాళ్లను సోమరులని తీసిపారేయడం తేలిక. కానీ లక్షల మంది యువత ఒక్కో కుర్చీకి పదుల చొప్పున పోటీ పడుతున్నారంటే వాళ్లకు పని మీద విముఖత ఉన్నట్టు కాదు. గిన్నె చేజారితే పట్టుకునే చెయ్యి ఇంకొకటి లేదన్న భయం ఉన్నట్టు. ఆ భయాన్ని తీర్చే బాధ్యత సమాజానిది, ప్రభుత్వానిది.